చించగుండి హత్యలు: చాందా అడవులలో రెండేండ్ల వేట (1858–1860)

వార్ధా, వైన్‌గంగ నదులు కలిసి ప్రాణహితయై దక్షిణముగా ప్రవహించి కాళేశ్వరము చెంత గోదావరిలో చేరును. ప్రాణహితకు తూర్పుగా ఇంద్రావతి వైపు వ్యాపించిన దట్టమైన టేకు అడవులలో అహేరీ జమీందారీ యుండెను. చాందా జిల్లాలోని జమీందారీలన్నింటిలో అదియే పెద్దది. 1982లో గడ్‌చిరోలి జిల్లా ఏర్పడిన పిమ్మట ఈ సీమ చంద్రపురమునుండి వేరుపడినది గాని, పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఇచ్చటి ప్రతి వ్యవహారమును చాందా కోటలోని కచేరీకే చేరెడిది. ఊళ్ల పేర్లు వినినంతనే ఇది తెలుగు నేలను ఒరసికొనియున్న సీమయని తెలియును. మొలంపల్లి, అడపల్లి, ఆలాపల్లి, నాగేపల్లి, బామనపేట, ఇవన్నియు ఈ కథలోనో దాని పొరుగుననో ఉన్న ఊళ్లే. ఏలికలు గోండులు, కచేరీ వ్రాతలు మరాఠీ, దక్షిణపు సంతలలో తెలుగు. ఈ మూడు భాషల కూడలిలో 1858వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీ రాత్రి ప్రాణహిత యొడ్డుననున్న చించగుండి గ్రామము చెంత తంతి శాఖవారి విడిదిపై ఒక దాడి జరిగెను. గార్ట్‌లండు, హాలు అను ఇద్దరు ఐరోపీయ ఉద్యోగులు అందులో చంపబడిరి. పీటరు అను మూడవవాడు చీకటిలో తప్పించుకొనెను.

ఈ హత్యలకు కారకులుగా ప్రభుత్వము ఇద్దరిని గుర్తించెను. ఒకడు మొలంపల్లి భూస్వామి బాబూరావు శేడ్మాకే. రెండవవాడు అడపల్లి, ఘోట్ జమీందారు వెంకటరావు. మొదటివాడు అయిదు మాసములు తిరుగకముందే దొరికి ఉరికంబమెక్కెను. రెండవవాడు రెండు సంవత్సరములకు దొరికి ప్రాణముతో బయటపడెను. నేరము ఒకటి, నేరస్థులు ఇద్దరు, శిక్షలు మాత్రము రెండు విధములు. ఈ భేదమునకు కారణము వారి దోషముల తారతమ్యములో వెదకిన దొరకదు. వారు ఎప్పుడు, ఎవరి చేతికి చిక్కిరి అను విషయములో అది దొరకును.

తిరుగుబాటు పుట్టుక కొంచెము ముందునకు పోవును. నాగపురపు మూడవ రఘూజీ భోంసలే 1853 డిసెంబరులో పుత్రసంతానము లేక మరణింపగా, డల్హౌసీ ప్రభువు ఆ రాజ్యమును 1854లో కంపెనీ రాజ్యమున కలిపివేసెను. ఆ సంవత్సరము డిసెంబరు 18న ఎల్లిస్ అను అధికారి చాందాకు మొదటి డిప్యూటీ కమిషనరుగా వచ్చెను. అంతవరకు గోండు జమీందారులు ఏలికలకు స్వల్పమైన కట్నము చెల్లించి, తమ అడవులలో తామే రాజులుగా ఉండెడివారు. మరాఠాల కాలమున కూడ ఆ పద్ధతి పెద్దగా మారలేదు. క్రొత్త పరిపాలనతో కొలతలు, లెక్కలు, విచారణలు వచ్చెను. జమీందారు తన ప్రజల తగవు తీర్చు అధికారమును కచేరీ నడిగి పొందవలసిన కాలము దాపురించెను. కంపెనీ ఈ జిల్లాకు వచ్చి మూడేండ్లు నిండినవో లేదో, ఉత్తర హిందూస్థానమున సిపాయిల తిరుగుబాటు చెలరేగెను.

బాబూరావు 1833 మార్చి 12న జన్మించెను. తండ్రి పుల్లేసుర్ బాపు. మొలంపల్లి అహేరీ జమీందారీకి లోబడిన చిన్న భూస్థితి. కావున బాబూరావు స్వతంత్ర జమీందారు కాడు, అహేరీ జమీందారిణికి క్రిందివాడు. కథలో ఈ సంబంధము ముందుముందు ఎట్టి మలుపు తిప్పునో చూడగలము. 1858 మార్చిలో అతడు గోండు యువకులను, రోహిల్లాలను కూర్చుకొని రాజగఢ పరగణాపై పడెను. మార్చి 7న రాజగఢము అతని వశమయ్యెను. అడపల్లి వెంకటరావు అతనితో చేరెను. డిప్యూటీ కమిషనరు కెప్టెన్ క్రిక్టన్ పంపిన సేనకును వీరికిని నందగావ్–ఘోసరీల చెంత మార్చి 13న పెద్ద పోరు జరిగెను. అనగా బాబూరావునకు ఇరువదియైదేండ్లు నిండిన మరునాడు. అటుపిమ్మట ఏప్రిల్ 19న సగణాపురమునొద్ద, 27న బామనపేటనొద్ద మరల పోరాటములు జరిగినవి. ఒక్కొక్క పోరు ముగిసినకొలది తిరుగుబాటుదారులు కొండలలోనికి జరిగిరి గాని, వారిని అణచుట క్రిక్టన్‌కు సాధ్యము కాలేదు. గోదావరీ ప్రాంతపు తెలుగువారు ఇట్టి అడవి తిరుగుబాట్లను పితూరీలందురు. 1879 నాటి రంప పితూరీకి ఇరువదియొక యేండ్ల ముందు జరిగిన చాందా పితూరీ ఇది. తెలుగులో దీనిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

బామనపేట పోరాటమునకు రెండు దినములకే చించగుండి ఘటన జరిగెను. ఇచ్చట కొంచెము నిలిచి చూడవలయును. రాజగఢము మొదలు బామనపేట వరకు జరిగినది రెండు సాయుధపక్షముల నడుమ జరిగిన పోరు. చించగుండిలో చనిపోయినవారు సైనికులు కారు. తంతి పనిమీద వచ్చి అడవినడుమ నదియొడ్డున విడిసిన ఉద్యోగులు. తిరుగుబాటుదారుల వైపునుండి చూచిన, తంతి యనగా కంపెనీ చెవి; దూరపు దండును గడియలలో పిలిపించు సాధనము. ఆ కాలమున హిందూస్థానమున తిరుగుబాటు జరిగిన అనేక స్థలములలో తంతి స్తంభములనే ముందు పడగొట్టిరి. ఆ దృష్టితో ఇది యుద్ధకార్యమే. కాని రాత్రివేళ విడిదిలోనున్నవారిని చంపుట యుద్ధధర్మమని గోండు సంప్రదాయమును ఒప్పదు, ఏ సంప్రదాయమును ఒప్పదు. బాబూరావును కీర్తించువారు ఈ రాత్రిని దాటవేయుటయు, అతనిని బందిపోటుగా వ్రాసిన ఆంగ్లాధికారులు దీనికి ముందు జరిగిన మూడు పోరాటములను చిన్నచేసి చెప్పుటయు చరిత్రకు సరిపడవు.

ప్రభుత్వదృష్టిలో మాత్రము ఆ రాత్రితో విషయము పూర్తిగ మారిపోయినది. అంతవరకు తిరుగుబాటును అణచవలసియుండెను. ఇకమీదట హంతకులను పట్టవలసియుండెను. పీటరు తప్పించుకొని క్రిక్టన్‌ను కలిసికొనెను. ఆ విధముగా జరిగినదానిని కన్నులార చూచిన సాక్షి యొకడు ప్రభుత్వము చేత చిక్కెను. అట్టి సాక్షి ఉండుట న్యాయస్థానమున ఎంత బలమో చెప్పనక్కరలేదు.

ఐతే హంతకులను పట్టుట ఎట్లు? ప్రాణహిత ఆవలి ఒడ్డు నిజాము రాజ్యము. ఈవలి ఒడ్డునను దక్షిణమున సిరొంచా సీమ కూడ 1860 వరకు నిజాముదే. తూర్పున ఇంద్రావతి దాటిన బస్తరు రాజ్యము. ఉత్తరమున మాత్రమే కంపెనీ చాందా. నాలుగు దిక్కులలో మూడు దిక్కులు పారిపోవువానికి తెరచియుండెను. ఏప్రిల్ నెలాఖరు గడిచిన వెంటనే ఎండలు ముదిరి, జూన్‌లో వానలు దిగును. వానలలో ప్రాణహిత, ఇంద్రావతులు పొంగి దండులకు దారి ఇయ్యవు. బయటినుండి వచ్చిన సిపాయికి ఈ అడవిలో నీటిమడుగేదో కాలిబాటయేదో తెలియదు. గోండునకు తెలియును. కావున గోండును పట్టవలెనన్న గోండే కావలెను. క్రిక్టన్ ఈ సంగతి గ్రహించినవాడు.

అతడు అహేరీ జమీందారిణి లక్ష్మీబాయిని ఆశ్రయించెను. ఆశ్రయించెననుట మర్యాదగా చెప్పిన మాట. బలవంతపెట్టెను అనుట సత్యమునకు చేరువ. మొలంపల్లి ఆమె జమీందారీలోనిదే, తిరుగుబాటు నాయకుడు ఆమె క్రింది భూస్వామియే. రాజ్యములనే వారసులు లేరన్న నెపముతో మ్రింగివేసిన ప్రభుత్వము ఒక స్త్రీ చేతిలోని జమీందారీని విడిచిపెట్టునని ఆమె నమ్మియుండుటకు వీలులేదు. నాగపురపు భోంసలేల సొత్తు వేలమునకు వచ్చిన సంగతి అప్పటికింకను పాతబడలేదు. ఆమెను ద్రోహియని ఒక్క మాటతో నిందించుట సులభము. ఆమె యెదుటనున్న మార్గములెన్ని అని అడిగినవారు అరుదు.

1858 జూలైలో బాబూరావు భోపాలపట్నమున ఉండెను. అది బస్తరునకు లోబడిన జమీందారీ. ఇంద్రావతి గోదావరిలో కలియు తావునకు సమీపమున ఉన్నది. నేటికిని తెలుగు వినిపించు ఊరు. లక్ష్మీబాయి పంపిన రోహిల్లాలు అతనిని అచ్చట పట్టుకొనిరి. కాని అతడు వారిని తనవైపు త్రిప్పుకొని తప్పించుకొనెను. ఇది అబ్బురపడవలసిన సంగతి కాదు. రోహిల్లాలు ఆ దినములలో జీతమునకు కత్తి పట్టిన జనము. నిజాము రాజ్యమునందును, దాని అంచులనున్న జమీందారీలందును వారికి కొలువులు దొరకెడివి. మార్చిలో బాబూరావు దండులో నున్నవారును రోహిల్లాలే, జూలైలో అతనిని బంధించినవారును రోహిల్లాలే. జీతపు బంటు పట్టినదానిని జీతపు బంటు విడిచెను. ఈ వేటలో ప్రభుత్వమునకు తగిలిన పెద్ద దెబ్బ ఇదియే. ఒకసారి చేజారినవాడు నిజాము సీమలోనికి జారిపోయియుండిన, కథ మరొక విధముగా వ్రాయవలసివచ్చెడిది.

కాని అతడు దూరము పోలేదు. సెప్టెంబరు 18న లక్ష్మీబాయి మనుష్యులు అతనిని మరల పట్టుకొనిరి. ఈసారి విడువలేదు. ఎందుకు అతడు సరిహద్దులు దాటి దూరదేశమునకు పోలేదు అను ప్రశ్నకు సమాధానము అతని బ్రదుకులోనే ఉన్నది. అతని ఊరు, బంధువులు, అతనిని నమ్మి లేచినవారు, అందరును ఆ చుట్టుపట్లనే ఉండిరి. భూమి కల తిరుగుబాటుదారునకు భూమియే సంకెల.

దీనికి సాటివచ్చు ఉదాహరణములు ఆ కాలముననే ఉన్నవి. చాందావలెనే నాగపురము కమిషనరు ఏలుబడిలోనున్న ఛత్తీస్‌గఢమున సోనాఖాను జమీందారు నారాయణసింగు దేవరీ జమీందారు తోడ్పాటుతో చిక్కి, 1857 డిసెంబరు 10న రాయపురమున ఉరితీయబడెను. ఆ దేవరీ జమీందారు అతనికి బంధువే. తాత్యా తోపే వంటి మహాయోధుడు కూడ నమ్మిన మానసింగు వలననే 1859 ఏప్రిల్ 7న పట్టుబడి, అదే నెల 18న శివపురిలో ఉరికంబమెక్కెను. వీరితో రాయపురమున 1858 జనవరి 18న సార్జెంటు మేజరు సిడ్‌వెల్‌ను చంపిన హనుమానుసింగును పోల్చి చూడుడు. అతని తోడివారు పదునేడుగురు నాలుగు దినములకే ఉరితీయబడిరి. అతడు మాత్రము ఎన్నటికిని దొరకలేదు. అతడు పటాలములోని ఒక సామాన్య సేవకుడు. అతనికి జమీందారీ లేదు. దాని నాశించు పొరుగువాడును లేడు. అతనిని అప్పగించిన బహుమానముగా ఇయ్యదగిన గ్రామములును లేవు. వేట సాగించు ప్రభుత్వమునకు చారులకంటె వారసత్వపు తగవులు, సరిహద్దు పగలు ఎక్కువ అక్కరకు వచ్చినవి.

బాబూరావును చాందాకు తెచ్చి విచారించిరి. 1857లో చేసిన ప్రత్యేక చట్టములు అట్టి విచారణలను త్వరగా ముగించు అధికారమును ఇచ్చియుండెను. మరణశిక్ష విధించి, 1858 అక్టోబరు 21న సాయంకాలము నాలుగు గంటలకు చాందా చెరసాలయందు ఉరితీసిరి. పట్టుబడిన దినమునకును ఉరికిని నడుమ ముప్పదిమూడు దినములు. చెరసాలలోని రావిచెట్టును చూపి అదియే ఉరిమ్రానని నేటికిని చెప్పుదురు. అతని వయస్సు అప్పటికి ఇరువదియైదు సంవత్సరముల ఏడు మాసములు.

ఈ తేదీని మరియొక తేదీ పక్కన పెట్టి చూడవలయును. 1858 నవంబరు 1న, అనగా ఉరి జరిగిన పదునొకండవ దినమున, కంపెనీ పాలన ముగిసినదని తెలుపు విక్టోరియా రాణి ప్రకటన దేశమంతట చదివిరి. ఆంగ్లప్రజల హత్యలో స్వయముగా పాల్గొన్నవారికి తప్ప ఇతర తిరుగుబాటుదారులకు అందులో క్షమ ప్రకటింపబడెను. నాయకులుగా నుండినవారికి, హంతకులకు తెలిసి ఆశ్రయమిచ్చినవారికి ప్రాణములకు మాత్రము అభయ మొసగిరి. బాబూరావు నవంబరు వరకు బ్రదికియున్నను ఈ క్షమ అతనికి అందెడిదని చెప్పలేము. చించగుండి నెత్తురు అతనిపై మోపబడియుండెను. కాని నాయకుడు వేరు, చేయి చేసికొన్నవాడు వేరు అను వివక్ష ఆ ప్రకటనతో రాజశాసనమయ్యెను. ఆ వివక్షనుబట్టి వాదించుకొను అవకాశము అక్టోబరులో ఉరికంబమెక్కినవానికి లేకపోయెను.

వెంకటరావునకు ఆ అవకాశము దక్కెను. అతడు తూర్పుదారి పట్టి బస్తరు అడవులలో చేరియుండెను. బస్తరు రాజు భైరమదేవుడు కంపెనీకి లోబడిన సామంతుడే గాని, అతని రాజధాని జగదల్‌పురమునుండి పడమటి కొండలకు నడుమ ఎంత అడవి కలదో ఆ దారిన నడిచినవారికి తెలియును. రాజాజ్ఞ అచ్చటికి చేరుట ఆలస్యము. ప్రభుత్వము నేరుగా అచ్చటికి దండు పంపుటకంటె రాజును ఒత్తిడిచేయుటయే మేలని తలచినది. 1860 ఏప్రిల్‌లో రాజు మనుష్యులు వెంకటరావును బంధించి అప్పగించిరి. అప్పటికి సిపాయిల తిరుగుబాటు చల్లారి చాలకాలమైనది. తీర్పు చెప్పువారి చేతికి రాణి ప్రకటన వచ్చియుండెను. కుమారుని ప్రాణముకొరకు తల్లి నాగబాయి తన పలుకుబడినంతయు వినియోగించెనని చెప్పుదురు. అతనికి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించి, జమీందారీని జప్తు చేసిరి.

అదే సంవత్సరమున, ప్రాణహితకు ఆవలనున్న నిర్మల ప్రాంతమున గోండులు, రోహిల్లాలు కలిసి లేచిన మరియొక తిరుగుబాటు రాంజీ గోండు పట్టుబడుటతో ముగిసెను. చాందాలో వలెనే అక్కడను గోండు నాయకుడు, రోహిల్లా బంటు, అడవి, సరిహద్దు, ఈ నాలుగును కలిసినవి. రెంటికి నడుమ గల సంబంధమును తెలుగు, మరాఠీ పరిశోధకులు కలిసి పరిశీలింపదగును. ఒకరి చరిత్ర ప్రాణహిత ఈ యొడ్డున ఆగిపోవుచున్నది, మరియొకరిది ఆ యొడ్డున ఆగిపోవుచున్నది. నాటి తిరుగుబాటుదారులు మాత్రము నదిని అట్లు చూచినవారు కారు.

జప్తు చేసిన అడపల్లి, ఘోట్ జమీందారీల గ్రామములను లక్ష్మీబాయికి బహుమానముగా ఇచ్చిరి. ఆమె చేసినది భయముచేతనా, ఆశచేతనా అను తగవు ఇచ్చట చిక్కుపడును. బాబూరావును అప్పగించుట భయముచేత జరిగినదని ఒప్పుకొన్నను, వెంకటరావు గ్రామములను స్వీకరించుట భయముతో పొసగదు. ఐనను జప్తైన భూమి ఎవరికో ఒకరికి పోవలసినదే. తిరస్కరించుట ప్రభుత్వమునకు అనుమానము కలిగించుటయే యగును. అహేరీ జమీందారీ నిలిచినది, పెరిగినది. మొలంపల్లి, అడపల్లి ఇండ్లు మాత్రము మునుపటివలె లేచినవి కావు.

క్రిక్టన్ నేర్చుకొన్న పాఠము ప్రభుత్వమును నేర్చుకొన్నట్లున్నది. 1860 డిసెంబరులో నిజాముతో జరిగిన ఒడంబడికను అనుసరించి గోదావరీ ప్రాణహితల ఎడమ ఒడ్డుననున్న తాలూకాలు ఆంగ్లప్రభుత్వమునకు వచ్చెను. సిరొంచా ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా యను పేర క్రొత్త జిల్లా ఏర్పడెను. ఆ తాలూకాలలో భద్రాచలము, రేకపల్లి 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు చేరెను. సిరొంచా చాందాతో కలిసెను. నదిలో పడవల రాకపోకలకు అనుకూలమనియు, టేకు అడవులు చేజిక్కుననియు ఆ ఒడంబడికకు కారణములు చెప్పుదురు. అవి నిజములే. కాని అహేరీకి దక్షిణముగా పారిపోవువానికి అంతవరకుండిన నిజాము సరిహద్దు దానితోడనే లేకుండపోయినది.

బాబూరావు జన్మదినమైన మార్చి 12న, 2009లో, భారత ప్రభుత్వపు తపాలా శాఖ అతని పేర ఒక బిళ్ల వెలువరించెను. తపాలా, తంతి శాఖలు చాలకాలము ఒక్క శాఖగా నడచినవే. ప్రతి సంవత్సరము అక్టోబరు 21న చంద్రపురపు చెరసాలలోని రావిచెట్టు కడకు గోండులు వచ్చి పూలుంచి పోవుదురు. చించగుండిలో కూలిన ఇద్దరి పేర్లు పాత ప్రభుత్వ నివేదికలలో మాత్రమే మిగిలినవి.